వెంట్రుకవాసి సందు: రోటరీ వాల్వ్‌ను ఎంచుకుని, బిగించి, నడిపే పద్ధతి

హాపర్ (సరుకు చేరే గరాటు తొట్టి) కింద నెమ్మదిగా తిరిగే ఆ ఇనప డబ్బాను ప్లాంట్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గాలి ఊదే బ్లోయర్ హోరెత్తిస్తుంది, దుమ్మును పట్టే బ్యాగ్ ఫిల్టర్ టపటపా కొట్టుకుంటుంది, పొడిని గాలితో తోలే పైపు, అంటే కన్వేయింగ్ లైన్, గలగలమంటూ ఉంటుంది. రోటరీ వాల్వ్ నిమిషానికి ఏ ఇరవై చుట్లో తిరుగుతూ తన పని తాను చేసుకుపోతుంది. అది ఆగిన రోజున పైనున్న సైక్లోన్ (గాలిని సుడి తిప్పి అందులోంచి పొడిని విడదీసే గరాటు) నిండిపోతుంది, కిందున్న లైన్ ఖాళీగా ఊదుతుంది, మధ్యలో షిఫ్ట్ మొత్తం తలపట్టుకుంటుంది.

ముందే ఒక మాట. పైపుల్లో పావు చుట్టు తిరిగి మూసుకునే బాల్ వాల్వ్‌నూ, బటర్‌ఫ్లై వాల్వ్‌నూ కూడా కొందరు రోటరీ వాల్వ్‌లనే అంటారు. ఇక్కడ చెప్పేది వాటి గురించి కాదు. పొడినీ, గింజలనీ, గుళికలనీ కిందికి వదులుతూ గాలిని మాత్రం ఆపే యంత్రం గురించి. కేటలాగుల్లో దీన్ని రోటరీ ఎయిర్‌లాక్ అనీ, రోటరీ ఫీడర్ అనీ రాస్తారు. ప్లాంట్ మనుషుల నోట ఆర్‌ఏవీ (రోటరీ ఎయిర్‌లాక్ వాల్వ్).

లోపల ఏం జరుగుతుందో ముందు చూడండి

పైన ఒక నోరు, కింద ఒక నోరు ఉన్న గుండ్రటి బాడీ. దాని లోపల షాఫ్ట్ చుట్టూ రెక్కలున్న రోటర్. నిమ్మకాయను అడ్డంగా కోస్తే తొనలు ఎలా కనబడతాయో, రోటర్‌ను పక్కనుంచి చూస్తే రెక్కల మధ్య అరలు అలాగే కనబడతాయి. ఆరు అరలవి ఉంటాయి, ఎనిమిదివి, పదివి కూడా ఉంటాయి. పై నోటి కిందికి వచ్చిన అరలో పొడి పడుతుంది, అర తిరిగి కింది నోటి మీదికి వచ్చాక జారిపోతుంది, ఖాళీ అర అవతలి వైపు నుంచి పైకి వస్తుంది. అంతే.

ఇందులో గాలిని ఆపేది ఏది? రబ్బరు సీలు కాదు, వాషరు కాదు. రెక్క అంచుకూ బాడీ లోపలి గోడకూ మధ్య ఉన్న సందు ఎంత చిన్నదన్నదే. కొత్త వాల్వ్‌లో అది సాధారణంగా 0.1 నుంచి 0.25 మి.మీ. వరకు ఉంటుంది. వెంట్రుకవాసి అన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. రెక్క గోడకు తగలకూడదు, తగిలితే ఇనుము ఇనుమును కొరుకుతుంది. దూరం కాకూడదు, దూరమైతే గాలి దూసుకుపోతుంది. ఈ వాల్వ్ విషయంలో మీరు తీసుకునే ప్రతి నిర్ణయమూ, అంటే ఏ రోటర్, ఏ లోహం, ఎంత వేగం, బోల్టులు ఎలా బిగించాలి అన్నవన్నీ, ఆ సందును కాపాడటానికే అనుకుంటే సగం పని తేలికవుతుంది.

గాలి మరో దారిలో కూడా తప్పించుకుంటుంది. చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు. కింద కన్వేయింగ్ లైన్‌లో 0.5 బార్ ప్రెషర్ ఉందనుకోండి. పొడిని వదిలేసిన అర ఖాళీగా పైకి వెళ్లదు, ఆ ప్రెషర్‌లో ఉన్న గాలిని నింపుకుని వెళ్తుంది. పై నోటి కిందికి రాగానే ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పైకి తన్నుతుంది, సరిగ్గా పొడి కిందికి రావాల్సిన చోట. సందు ఎంత బిగువుగా ఉన్నా ఈ గాలిని ఆపలేరు, ఎందుకంటే దాన్ని మోసుకొస్తున్నది రోటరే. అందుకే ప్రెషర్ మీద పనిచేసే వాల్వ్‌లకు ఖాళీ అర పైకి వచ్చే వైపు బాడీకి ఒక వెంట్ నోరు పెట్టి, ఆ గాలిని ఫిల్టర్‌కు పంపేస్తారు. మీ వాల్వ్‌కు ఆ నోరు ఉండి, దాన్ని మూసేస్తూ బ్లైండ్ ప్లేటు బిగించి ఉంటే, ఎవరు ఎందుకు బిగించారో కనుక్కోండి.

దీనికి ఏ పని అప్పజెబుతున్నారో తేల్చుకోండి

కొనేముందు, మార్చేముందు, ఆఖరికి రిపేర్ చేసేముందు కూడా మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ఒకే ఆకారంలో కనబడే వాల్వ్ మూడు రకాల పనులు చేస్తుంది.

మొదటిది కేవలం గాలిని ఆపడం. సైక్లోన్ కింద, బ్యాగ్ ఫిల్టర్ హాపర్ కింద ఉండేవి ఇవే. పొడి ఎంత వస్తే అంత దిగిపోవాలి, అరలు పూర్తిగా నిండకూడదు. ఫ్యాన్ లాగుతున్న సైక్లోన్‌లో లోపల సక్షన్ ఉంటుంది, కాబట్టి వాల్వ్ లీకైతే బయటి గాలి కింది నుంచి పైకి ఎగదన్ని, అడుగుకు చేరిన పొడిని మళ్లీ లేపుకుపోతుంది. పై ఫ్యాన్‌లో దుమ్ము పెరిగిందని సైక్లోన్‌ను తిట్టేవాళ్లను చూశాను. తీరా చూస్తే తప్పు కింద అరిగిపోయిన వాల్వ్‌ది.

రెండోది కొలిచి వదలడం. సైలో కింద, మిక్సర్ ముందు, రియాక్టర్ ముందు ఉండేవి. ఇక్కడ పైన ఎప్పుడూ సరుకు నిండుగా ఉంటుంది, ఎంత దిగాలన్నది రోటర్ వేగమే నిర్ణయిస్తుంది. వీఎఫ్‌డీ, అంటే మోటర్ వేగాన్ని మార్చే పరికరం, ఇక్కడ తప్పనిసరి.

మూడోది ఆ రెండూ కలిసిన పని: ప్రెషర్ ఉన్న న్యూమాటిక్ కన్వేయింగ్ లైన్‌లోకి సరుకును కొలతగా వదలడం. అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎక్కువ గొడవలు వచ్చేదీ ఇక్కడే.

ఏయే పరిశ్రమల్లో అంటే జాబితా చాలా పెద్దది. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో పొగలోంచి బూడిదను పట్టే ప్రెసిపిటేటర్ హాపర్ల కింద బూడిద దించడానికి, సిమెంటు మిల్లుల్లో, పిండి మిల్లుల్లో, పాలపొడి తయారుచేసే స్ప్రే డ్రైయర్ల కింద, ప్లాస్టిక్ గుళికలను సైలోల మధ్య తోలే చోట, మందుల ఫ్యాక్టరీల్లో, రంపపుపొట్టు, జీవ ఇంధనం తినే బాయిలర్లలో. ఊరికే పేర్లు గుర్తుపెట్టుకోవడం కంటే, ప్రతిచోటా వాల్వ్‌కు శత్రువు ఎవరో గుర్తుపెట్టుకోవడం మేలు. బూడిద, సిమెంటు దగ్గర అరుగుదల. పాలపొడి దగ్గర అంటుకోవడం, శుభ్రత. గుళికల దగ్గర నలగడం. రంపపుపొట్టు దగ్గర మంట. డ్రైయర్ కింద వేడి.

సైజు లెక్క వేయండి

కేటలాగులో ప్రతి వాల్వ్‌కు ఒక చుట్టులో ఎన్ని లీటర్లు దించుతుందో రాసి ఉంటుంది. 10 లీటర్ల వాల్వ్ తీసుకుందాం, వేగం 20 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 20 చుట్లు.

10 లీటర్లు × 20 × 60 నిమిషాలు = గంటకు 12,000 లీటర్లు, అంటే 12 ఘనపు మీటర్లు. కానీ అరలు నూటికి నూరు నిండవు. 70 శాతం నిండుతాయనుకుంటే 8.4 ఘనపు మీటర్లు. మీ పొడి సాంద్రత ఘనపు మీటరుకు 600 కిలోలైతే గంటకు సుమారు 5 టన్నులు.

ఇక్కడ వాడాల్సింది వదులు సాంద్రత, అంటే ఊరికే పోసినప్పుడు ఉండే సాంద్రత. డబ్బాలో తట్టి, కుదించి కొలిచిన అంకె వేస్తే లెక్క తప్పుతుంది. పొడి గాలి పీల్చుకుని పొంగే రకమైతే వదులు సాంద్రత కన్నా కూడా తక్కువ వేసుకోండి.

సైక్లోన్ కింద పనికైతే ఈ లెక్కను తిప్పి వేయాలి. అక్కడ అరలు సగానికి మించి నిండకుండా ఉండే సైజు తీసుకోండి, అంటే గరిష్ఠంగా వచ్చే సరుకుకు కనీసం రెట్టింపు దించగలది. సైక్లోన్ అప్పుడప్పుడూ ఒక్కసారిగా గుట్టగా పొడిని వదులుతుంది, ఆ గుట్టను మింగే ఖాళీ కావాలి.

చిన్న వాల్వ్ కొని వేగం పెంచి సరిపెట్టుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఒక హద్దు వరకే అది పనిచేస్తుంది. రెక్క అంచు వేగం సెకనుకు సుమారు అర మీటరు దాటిందంటే, అర నోటి కింద ఉండే సమయం చాలక పొడి నిండదు. 250 మి.మీ. రోటర్‌కు ఆ హద్దు దాదాపు 40 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ఆ పైన వేగం పెంచినకొద్దీ దిగే సరుకు పెరగడం మానేసి తగ్గుతుంది. అరుగుదల మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నన్నడిగితే పెద్ద వాల్వ్‌ను నెమ్మదిగా తిప్పడమే ఎప్పుడూ మంచిది.

మీ సరుకుకు తగ్గ రోటర్

ముద్దలా అంటుకునే పొడికి అడుగు గుండ్రంగా ఉన్న, లోతు తక్కువ అరలున్న రోటర్ తీసుకోండి. మామూలు రోటర్‌లో రెక్క షాఫ్ట్‌ను కలిసే మూలలో పొడి అతుక్కుని గట్టిపడుతుంది, రోజురోజుకూ అర చిన్నదవుతుంది, మీరు వేగం పెంచుతూ పోతారు. సరుకు అసలు కిందికి జారనే జారదంటే బ్లో త్రూ రకం చూడండి. అందులో కన్వేయింగ్ గాలి నేరుగా అరలోంచే వెళ్లి దాన్ని ఊడ్చేస్తుంది.

ప్లాస్టిక్ గుళికలు, గింజలు అయితే అసలు ప్రమాదం రెక్కకూ పై నోటి అంచుకూ మధ్య ఇరికి నలగడం. టక్ టక్‌మని శబ్దం వస్తుంటే ఒక్కో టక్‌కూ ఒక గుళిక తెగుతోందని అర్థం, అదే సమయంలో షాఫ్ట్ మీద ఒక్కో దెబ్బ పడుతోందని కూడా. వీటికి సైడ్ ఎంట్రీ బాడీ కావాలి. సరుకు పక్కనుంచి పడటం వల్ల అర పూర్తిగా నిండదు, అంచు దగ్గర ఇరుకు ఏర్పడదు.

రోటర్ రెండు చివరలా తెరిచి ఉన్నదా, పళ్లెంలాంటి డిస్కుతో మూసి ఉన్నదా అన్నది మరో ఎంపిక. తెరిచి ఉంటే పొడి ఎండ్ కవర్లకు, అంటే బాడీ రెండు చివరల మూతలకు, రాసుకుంటూ తిరుగుతుంది. ఇసుక, బూడిద లాంటి గరుకు సరుకు ఎండ్ కవర్లను తినేస్తుంది, అందుకని మూసిన రోటర్ మేలు. కాకపోతే డిస్కు వెనక చేరే పొడిని బయటికి నెట్టడానికి అక్కడ పర్జ్ గాలి ఇవ్వాల్సి రావచ్చు. మెత్తటి పొడులకు తెరిచిన రోటర్ చాలు, శుభ్రం చేయడమూ సులువు.

గరుకు సరుకుకు బాడీ లోపల హార్డ్ క్రోమ్ గానీ, టంగ్‌స్టన్ కార్బైడ్ పూత గానీ వేయించండి. ఖర్చు ఎక్కువే, కానీ ఒక విషయం ఆలోచించండి. అరుగుదల ఒకే వేగంతో సాగదు. సందు కాస్త పెరగగానే అందులోంచి గాలి దూసుకెళ్తుంది, ఆ గాలి తనతో ఇసుకను తీసుకెళ్తుంది, ఆ ఇసుక సందును ఇంకా కోస్తుంది. మొదటి 0.1 మి.మీ. అరగడానికి పట్టినంత కాలం తర్వాతి దానికి పట్టకపోవచ్చు.

రెక్క చివరన విప్పి జరుపుకోగలిగే టిప్స్ ఉన్న రోటర్లు కూడా దొరుకుతాయి. అరిగినప్పుడు ముందుకు జరిపి మళ్లీ సందు సరిచేసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: బాడీ సమానంగా అరగదు, గాడులు పడుతుంది. గాడి పడిన బాడీలో టిప్స్ జరిపితే ఒకచోట తగులుతూ మరోచోట లీకవుతూ ఉంటుంది. ముందు బాడీ లోపలి వ్యాసాన్ని కొలవండి.

వేడి సరుకైతే ఈ లెక్క తప్పనిసరి

ఒక డ్రైయర్ కింద వాల్వ్ నాకు ఈ పాఠం నేర్పింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఇరవై నిమిషాలు బాగా తిరిగేది, తర్వాత బిగుసుకుపోయి మోటర్ ట్రిప్ అయ్యేది. గంట ఆగి తిప్పితే చేత్తో తిరిగేంత తేలికగా ఉండేది. మేం మోటర్ నుంచి షాఫ్ట్‌ను తిప్పే చైన్ మార్చాం, బేరింగ్‌లు మార్చాం, ఓవర్‌లోడ్ సెట్టింగ్ పెంచాం. సెట్టింగ్ పెంచడం మా పెద్ద తప్పు. మోటర్ ట్రిప్ కావడం మానేసింది, షాఫ్ట్‌లో బిగించే ఇనప చీల, అంటే కీ, తెగింది. ఆ తర్వాత గానీ బాడీ మీద చెయ్యి పెట్టి చూడాలని తోచలేదు. లోపల వేడివేడి పొడి దిగుతుంటే బయట బాడీ గోరువెచ్చగా ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ఒక డిగ్రీకి తన కొలతలో పది లక్షల వంతుల్లో సుమారు 17 వంతులు పెరుగుతుంది. 300 మి.మీ. రోటర్ బాడీ కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందంటే వ్యాసం 0.51 మి.మీ. పెరుగుతుంది, ఒక్కో వైపు 0.25 మి.మీ. కంపెనీ ఇచ్చిన సందు 0.15. మిగిలేది ఏమీ లేదు, రెక్క గోడను తన్నిపెడుతుంది. రోటర్ పొడి మధ్యలో ఉంటుంది కాబట్టి ముందు అదే వేడెక్కుతుంది. బాడీ చల్లటి గాలికి ఆరుతూ వెనకబడుతుంది. ఇద్దరూ ఒకే వేడికి చేరాక సందు మళ్లీ తెరుచుకుంటుంది.

దీనికి మందు మూడు రకాలు. ఆర్డర్ పెట్టేటప్పుడే సరుకు గరిష్ఠ వేడి ఎంతో చెప్పి దానికి తగ్గ సందుతో రోటర్ చేయించండి. బాడీకి ఇన్సులేషన్ చుట్టి, వీలైతే హీట్ ట్రేసింగ్ (బాడీని వేడిగా ఉంచే హీటర్ తీగ) పెట్టండి. స్టార్ట్ చేసేటప్పుడు ఒక్కసారిగా ఫుల్ ఫీడ్ ఇవ్వకుండా వేడి గాలితో గానీ, కొద్ది సరుకుతో గానీ బాడీని మెల్లగా వేడెక్కనివ్వండి. మా దగ్గర చివరికి మూడూ చేయాల్సి వచ్చింది.

బిగించేటప్పుడు

హాపర్ లోపల ముందు దిగి చూడండి, లేదా టార్చి వేసి చూడండి. వెల్డింగ్ ముక్కలు, ఎలక్ట్రోడ్ తునకలు, మరిచిపోయిన నట్లు. కొత్త ప్లాంట్లలో మొదటి రోజునే వాల్వ్‌లు పాడవడానికి ఇలాంటి ఇనప ముక్కలు చాలు.

ఫ్లేంజ్ (వాల్వ్ నోటి చుట్టూ బోల్టులు వేసే అంచు) బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. పైన హాపర్ ఫ్లేంజ్ వంకరగా ఉంటే బోల్టు బలంతో దాన్ని లాగి సరిచేయకండి. లాగితే వంగేది హాపర్ కాదు, బాడీ. బాడీ 0.1 మి.మీ. వంగినా మీ సందులో సగానికి పైగా పోయినట్టే. ఒక్కో విడత బిగించాక డ్రైవ్ విప్పి ఉంచి, షాఫ్ట్‌కు స్పానర్ పెట్టి పూర్తి చుట్టు తిప్పి చూడండి. ఎక్కడైనా బరువు తగిలితే ఆ బోల్టు దగ్గరే ఆగండి. ఈ ఒక్క అలవాటు ఎన్నో రాత్రుల నిద్ర కాపాడుతుంది.

కింద పైపు బరువు వాల్వ్‌కు వేలాడదీయకండి, దానికి వేరే సపోర్టు ఇవ్వండి. వాల్వ్ పైన ఒక స్లైడ్ గేటు పెట్టించండి, లేకపోతే రిపేర్ చేయాలన్న ప్రతిసారీ హాపర్ ఖాళీ చేయాల్సిందే. తిరిగే దిశ బాడీ మీద బాణం గుర్తుతో ఉంటుంది. సైడ్ ఎంట్రీ అయినా, వెంట్ నోరు ఉన్నా దిశ తప్పితే పని మొత్తం తలకిందులవుతుంది.

షాఫ్ట్ రెండో చివర స్పీడ్ సెన్సర్ ఒకటి పెట్టండి. మోటర్ తిరుగుతోందా అని చూసే సిగ్నల్ చాలదు. చైన్ తెగినా మోటర్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, కంట్రోల్ రూమ్‌లో పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది.

నడిపే వరస

కన్వేయింగ్ లైన్ మీదైతే ముందు బ్లోయర్, లైన్‌లో గాలి నిలకడపడ్డాక వాల్వ్, ఆ తర్వాత పైనుంచి సరుకు. ఆపేటప్పుడు సరిగ్గా వెనక్కి: ముందు సరుకు ఆపండి, అరలు ఖాళీ అయ్యేదాకా వాల్వ్ తిప్పండి, లైన్ ఊడ్చుకుపోయాక బ్లోయర్ ఆపండి. షాఫ్ట్ సీల్‌కు పర్జ్ గాలి ఉంటే అది అన్నిటికంటే ముందు రావాలి, అన్నిటికంటే చివర పోవాలి. ఆ గాలి పొడిగా, నూనె లేకుండా, లైన్ ప్రెషర్ కంటే కాస్త ఎక్కువగా ఉండాలి. తక్కువైతే అది సీల్‌ను కాపాడదు, పైగా పొడి సీల్‌లోకి ఎదురు వస్తుంది.

ఈ వరసను మనుషుల జ్ఞాపకానికి వదలకుండా ఇంటర్‌లాక్‌లో రాయించండి. వాల్వ్ ఆగితే పైనున్నది ఆగాలి, బ్లోయర్ ఆగితే వాల్వ్ ఆగాలి.

చేతుల గురించి

ఈ యంత్రం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ప్రమాదం లేనట్టు కనిపిస్తుంది. రెక్కా బాడీ అంచూ కలిసి కత్తెర. గేర్‌బాక్స్ వెనక ఉన్న బలానికి వేలికీ గుళికకూ తేడా తెలియదు. ఈ వాల్వ్‌ల్లో వేళ్లు, చేతులు పోగొట్టుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు, చాలావరకు జామ్ తీయబోయి.

మోటర్ ఆపితే చాలదు. కరెంటు ఐసొలేట్ చేసి మీ తాళం వేసుకోండి, తాళం చెవి మీ జేబులోనే ఉండాలి. లైన్ ప్రెషర్ దించేయండి. బిగుసుకున్న రోటర్‌లో చైన్ లాగిన బలం ఇంకా నిల్వ ఉంటుంది, అడ్డం తీయగానే అది ఒక్క ఉదుటున పావు చుట్టు తిరగవచ్చు. అందుకే ముందు చైన్ విప్పండి. రోటర్‌ను చేత్తో తిప్పేటప్పుడు కూడా లోపల ఎవరి చెయ్యీ ఉండకూడదు. తిప్పేవాళ్లూ చూసేవాళ్లూ వేరైతే, చూసేవాళ్లు నోటితో చెప్పాకే తిప్పాలి. నడుస్తుండగా రాడ్డుతో పొడవడమన్నది ఏ పరిస్థితిలోనూ వద్దు.

పేలే గుణమున్న దుమ్ము, అంటే పిండి, చక్కెర, రంపపుపొట్టు, బొగ్గు, చాలా రకాల మందుల పొడులు దిగే చోట ఇదే వాల్వ్ మంటను ఆపే అడ్డుగోడ కూడా అవుతుంది. మంట ఆ సన్నటి సందులోంచి వెళ్లేలోపే లోహం దాని వేడిని లాగేసి ఆర్పేస్తుంది. దీనికి లెక్కలున్నాయి. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 69 ప్రకారం సందు 0.2 మి.మీ. మించకూడదు, రెక్కలు కనీసం 3 మి.మీ. మందం లోహంతో ఉండాలి, బాడీకి ఒక్కో వైపు ఎప్పుడు చూసినా రెండు రెక్కలు గోడకు దగ్గరగా ఉండాలి, బేరింగ్‌లు బయట ఉండాలి. ఐరోపాలో ఇలాంటి పరికరాలకు ఈఎన్ 15089 ఉంది. రబ్బరు టిప్స్ ఉన్న రోటర్ ఈ పనికి రాదు, అవి కాలిపోతాయి. పేలుడు జరిగిన వెంటనే రోటర్ ఆగిపోవాలి, లేకపోతే నిప్పుకణికలను అదే చేత్తో కిందికి దించుతుంది. అంటే ఇలాంటి చోట సందు పెరగడం ఉత్త లీకేజీ సమస్య కాదు, వాల్వ్ ఆ రక్షణ ఇవ్వడం మానేసినట్టే.

సందు కొలిచే పద్ధతి

తాళం పడింది, చైన్ విప్పారు, స్లైడ్ గేటు మూసి పైనున్న ముక్క పైపు తీశారు. ఇప్పుడు నోట్లోంచి రోటర్ కనబడుతుంది.

ముందు రెక్క అంచులనూ, గోడనూ గుడ్డతో శుభ్రంగా తుడవండి. అంటుకున్న పొర మీద కొలిస్తే వచ్చే అంకె అబద్ధం. ఒక రెక్క మీద మార్కర్‌తో ఒకటి అని రాయండి, అక్కడినుంచి వరసగా అన్నిటికీ నంబర్లు వేయండి. నోటి అంచు దాటి రెక్క గోడలోకి అడుగుపెట్టే చోటికి ఒకటో రెక్కను తెచ్చి ఆపండి. ఫీలర్ గేజ్‌లో, అంటే సందు కొలిచే పలుచటి బ్లేడుల కట్టలో, 0.10 మి.మీ. బ్లేడుతో మొదలుపెట్టండి. డ్రైవ్ వైపు చివర ఒకచోట, మధ్యలో ఒకచోట, అవతలి చివర ఒకచోట. బ్లేడు తేలికగా జారితే తర్వాతి మందం పెట్టండి. కొద్దిగా పట్టుకుంటూ, వేళ్లకు రాపిడి తెలుస్తూ కదిలే మందమే మీ కొలత. బలంగా తోయకండి, బ్లేడు వంగి లోపలికి పోయి తప్పు అంకె చూపిస్తుంది.

ఇలా ఒకే చోట అన్ని రెక్కలనూ కొలవండి. తర్వాత ఒకటో రెక్కను తీసుకుని ఎడమ గోడ, కుడి గోడ, కింది నుంచి అందితే అక్కడా కొలవండి. ఈ రెండు రకాల కొలతలూ కలిపి చూస్తేనే రోగం తెలుస్తుంది.

ఒకే చోట కొలిచినప్పుడు మూడో రెక్క దగ్గర మాత్రమే ఎక్కువుంటే ఆ రెక్క అరిగింది, లేదా వంగింది. అన్ని రెక్కలకూ ఒకే గోడ దగ్గర ఎక్కువుంటే బాడీ ఆ వైపు అరిగింది. ఒక వైపు ఎంత పెరిగిందో ఎదురు వైపు అంతే తగ్గితే అరుగుదల కాదు, రోటర్ స్థానం జరిగింది, బేరింగ్ చూడండి. డ్రైవ్ చివరకూ అవతలి చివరకూ తేడా ఉంటే ఒక చివరి బేరింగ్ దిగింది, లేదా చైన్ మరీ బిగువుగా లాగుతోంది. తెరిచిన రోటర్ అయితే రెక్క పక్క అంచుకూ ఎండ్ కవర్‌కూ మధ్య కూడా కొలవడం మర్చిపోకండి, అక్కడి లీకు తక్కువేం కాదు.

ఈ అంకెలకు అర్థం ఏమిటో ఒక్కసారి కళ్లకు కట్టించుకోండి. 300 మి.మీ. పొడవున్న రోటర్‌లో సందు 0.15 అయితే రెండు వైపులా కలిపి 90 చదరపు మి.మీ. ఖాళీ. అంటే బాడీకి దాదాపు 11 మి.మీ. రంధ్రం పెట్టినట్టు. సందు 0.30 అయితే 15 మి.మీ. రంధ్రం. మీ బ్లోయర్ రోజంతా ఆ రంధ్రంలోంచి ఊదుతోంది.

కొలతలను తేదీతో ఒక పుస్తకంలో రాయండి, వాల్వ్ కొత్తగా వచ్చిన రోజునే మొదటి వరస రాయండి. ఆ మొదటి వరస లేకపోతే తర్వాత కొలిచినవన్నీ దేంతో పోల్చాలో తెలియదు.

తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలి

వేగం పెంచినా సరుకు పెరగట్లేదు. మొదట వేగం తగ్గించి చూడండి. తగ్గిస్తే సరుకు పెరిగిందంటే అరలు నిండటానికి టైమ్ చాలట్లేదు, లేదా కింది నుంచి వచ్చే గాలి పొడిని ఆపుతోంది. హాపర్ సైట్ గ్లాస్ లోంచి చూడండి. పొడి పైభాగం ఉడుకుతున్న గంజిలా బుడగలు పోతుంటే గాలి పైకి వస్తోంది. వెంట్ లైన్ మూసుకుపోయిందేమో ముందు చూసి, ఆ తర్వాతే సందు కొలవడానికి విప్పండి. వెంట్ పైపు అడ్డంగా, పల్లంగా వేసి ఉంటే అందులో పొడి చేరి గట్టిపడటం మామూలే.

లైన్ తరచూ చోక్ అవుతోంది, బ్లోయర్ మాత్రం బాగానే ఉంది. బ్లోయర్ ఇచ్చే గాలంతా లైన్‌కు చేరుతోందని అనుకోకండి. వాల్వ్ లోంచి పోయింది పోగా మిగిలిందే సరుకును మోస్తుంది. లైన్‌లో వేగం ఒక హద్దు కిందికి పడితే పొడి పైపు అడుగున కూర్చుంటుంది.

వాల్వ్ తిరుగుతోంది, కిందికి ఏమీ రావట్లేదు. షాఫ్ట్ నిజంగా తిరుగుతోందా, మోటర్ ఒక్కటే తిరుగుతోందా చూడండి. షాఫ్ట్ తిరుగుతుంటే పైన హాపర్‌లో పొడి గట్టిగా కలిసి కిందికి దిగకుండా వంతెన కట్టిందేమో చూడండి. అదీ లేకపోతే అరలు గట్టిపడిన పొడితో నిండిపోయి రోటర్ ఒక గుండ్రటి దుంగలా తిరుగుతూ ఉంటుంది.

షాఫ్ట్ దగ్గర పొడి కారుతోంది. గ్లాండ్ ప్యాకింగ్ (షాఫ్ట్ చుట్టూ కూరి బిగించే తాడులాంటి సీలు) అయితే కాస్త బిగించండి, కానీ షాఫ్ట్ వేడెక్కేంతగా వద్దు. బిగించిన వారానికే మళ్లీ కారితే ప్యాకింగ్ మార్చడం దండగ, షాఫ్ట్ ఆ చోట గాడి పడి ఉంటుంది. షాఫ్ట్ చుట్టూ గోరు పెట్టి జరిపితే తగులుతుంది.

లోపల ఇనుము రాసుకుంటున్న శబ్దం వస్తే వెంటనే ఆపేయండి, షిఫ్ట్ అయ్యేదాకా నడపొద్దు. రాసుకున్న చోట లోహం లేచి పక్క రెక్కను కూడా కొరుకుతుంది. తాళం వేసి, విప్పి, రెక్కల మీద మెరుస్తున్న గీత కోసం చూడండి. గీత ఒకే రెక్క మీద ఉంటే ఏదో ముక్క ఇరుక్కుని దాన్ని వంచింది. అన్ని రెక్కల మీదా ఒకే చివర ఉంటే బేరింగ్. బాడీ చుట్టూ సమానంగా ఉంటే వేడి. కారణం దొరికి సరిచేశాక, చైన్ ఎక్కించకముందు షాఫ్ట్‌కు స్పానర్ పెట్టి రెండు పూర్తి చుట్లు తిప్పండి. రెండో చుట్టు కూడా మొదటి చుట్టంత తేలికగా తిరిగితే అప్పుడు మీ తాళం తీయండి.